తాళంచెవి ముట్టుకునే ముందు: ‘మారియో వర్సెస్ డాంకీ కాంగ్’ ఎలా ఆడాలి

మా అన్న కూతురికి పదేళ్లు. ఎండాకాలం సెలవుల్లో నాతోపాటు మియాపూర్‌లో మెట్రో ఎక్కి, ఎల్‌బీ నగర్‌లో ఉన్న వాళ్ల అమ్మమ్మ ఇంటికి వచ్చేది. కూకట్‌పల్లి దాటక ముందే నా చేతిలోని గేమ్ తన చేతిలోకి వెళ్లిపోయేది. లెవెల్ తెరుచుకోవడం ఆలస్యం, మారియోను ఉరికించేది. అమీర్‌పేట వచ్చేసరికి ప్రాణాలన్నీ ఖర్చయిపోయేవి. “బాబాయ్, ఇది చీటింగ్ చేస్తోంది” అని అలిగి నాకిచ్చేసేది.

చీటింగ్ ఏమీ లేదు. మారియో అనగానే కుడివైపుకి పరుగెత్తడమే ఆట అని మనకు అలవాటు. ఈ ఆట అలాంటిది కాదు. ఇది చూడటానికి దూకుడు ఆటలా ఉంటుంది గానీ లోపల అంతా పజిల్. ఒక గది, ఒక తాళంచెవి, ఒక తలుపు. తాళంచెవి తలుపు దగ్గరికి చేరాలి. ఇంతే సంగతి. కానీ దాన్ని ఏ వరుసలో చేయాలన్నది ముందే కంటితో తేల్చుకోకపోతే వేళ్లు ఎంత చురుకైనవైనా లాభం లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం, పిల్లలకు కొనిచ్చి తామూ ఆడదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

దీని మూలం తెలిస్తే ఆట తీరు తొందరగా పట్టుబడుతుంది. 1981లో జపాన్ కంపెనీ నింటెండో, డబ్బులు వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్ల కోసం ‘డాంకీ కాంగ్’ తెచ్చింది. మారియోకి ఎదురు నిలిచే గొరిల్లా పేరే డాంకీ కాంగ్. షిగేరు మియమోతో రూపొందించిన ఆట. అమెరికాలో అమ్ముడుపోకుండా మిగిలిపోయిన ‘రాడార్ స్కోప్’ అనే ఆట మెషీన్లను మార్చి ఈ ఆటను ఎక్కించారు. అప్పటికి మారియో పేరు మారియో కాదు, జంప్‌మ్యాన్. మొత్తం నాలుగు అంతస్తుల ఆట: 25 మీటర్లు, 50, 75, 100. పదమూడేళ్ల తర్వాత, 1994లో, అదే పేరుతో నింటెండో వాళ్ల చేతి మెషీన్ గేమ్ బాయ్‌కి ఒక ఆట వచ్చింది. మొదటి నాలుగు లెవెళ్లూ అచ్చం పాత ఆర్కేడ్‌వే. అవి ముగియగానే ఆట అయిపోయిందనుకునే చోట అసలు ఆట మొదలవుతుంది. మొత్తం 101 లెవెళ్లు. తాళంచెవి, తాళం వేసిన తలుపు, చేతుల మీద నడిచే మారియో, అన్నీ అక్కడ పుట్టినవే. పాత ఆర్కేడ్ ఆటలో సుత్తి చేతికొస్తే మారియో నిచ్చెన ఎక్కలేడు. ఈ గేమ్ బాయ్ ఆటలో ఆ సుత్తిని పైకి విసిరి, నిచ్చెనెక్కి, మళ్లీ పట్టుకోవచ్చు. పాత ఆటలోని ఒక ఇబ్బందినే తీసుకుని పజిల్‌గా మలిచారు. ఇంత శ్రద్ధగా పాత ఆటను బతికించిన పని నేను చాలా తక్కువ చూశాను.

ఆ దారిలోనే 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి ‘మారియో వర్సెస్ డాంకీ కాంగ్’ వచ్చింది. దాన్నే కొత్త బొమ్మలతో, కొత్త లెవెళ్లతో 2024 ఫిబ్రవరి 16న నింటెండో స్విచ్ అనే మెషీన్‌కి తెచ్చారు. కథ చిన్నది. టీవీలో మినీ మారియో బొమ్మల ప్రకటన చూసి డాంకీ కాంగ్ మనసు పడతాడు. కొనబోతే సరుకు అయిపోయింది. దాంతో బొమ్మల ఫ్యాక్టరీ మీద పడి బొమ్మలన్నీ ఎత్తుకుపోతాడు. వాటిని తిరిగి తెచ్చుకోవడం మారియో పని.

ఏది కొనాలి

కొత్తవాళ్లయితే స్విచ్ వెర్షనే తీసుకోండి. పాతదాంట్లో ఆరు వరల్డ్‌లు (లెవెళ్ల గుంపులు), దీంట్లో ఎనిమిది. మెర్రీ మినీ-ల్యాండ్, స్లిప్పరీ సమ్మిట్ కొత్తగా కలిపారు. స్విచ్ కార్ట్రిడ్జ్‌లకు ప్రాంతం తేడా ఉండదు కాబట్టి దుబాయ్ నుంచి వచ్చిన బంధువు తెచ్చిందైనా, ఇక్కడ కొన్నదైనా ఒకేలా నడుస్తుంది. మన దగ్గర దొరికే మెషీన్లలో చాలావరకు బయటి దేశాలనుంచి వచ్చినవే. కొనేటప్పుడు చార్జర్ పిన్ను చూడండి. మన సాకెట్‌లో పట్టకపోతే మంచి అడాప్టర్ తీసుకోండి. ఇద్దరు కలిసి ఆడే ఉద్దేశం ఉంటే ఇంకో సంగతి: స్విచ్ లైట్‌కి కంట్రోలర్లు ఊడిరావు, విడిగా కొనాలి. మామూలు స్విచ్ అయితే రెండు పక్కల ఉన్న జాయ్-కాన్ కంట్రోలర్లు తీసి చెరొకటి పట్టుకోవచ్చు.

పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జే కావాలనే వాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో అడిగి చూడొచ్చు. కానీ నకిలీలతో జాగ్రత్త. ఒక దుకాణంలో నేను మంచి కండిషన్‌లో ఉందని తీసుకున్నాను. మూడో వరల్డ్ ఫైర్ మౌంటెన్ దాకా ఆడాక ఒక పొద్దున ఆన్ చేస్తే అంతా మొదటికొచ్చింది. సేవ్ పోయింది. మళ్లీ ఆడితే మళ్లీ పోయింది. తిరిగి తీసుకెళ్తే “వాపస్ లేదు సార్” అన్నారు. అప్పటినుంచి కొనే ముందు రెండు చూస్తున్నాను. కార్ట్రిడ్జ్ కింది అంచున బంగారు రంగు కాంటాక్ట్‌ల పైన, లోపలి బోర్డు మీద నింటెండో అని సన్నగా అచ్చయి కనబడాలి. ముందు లేబుల్‌ను వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తే కాగితం మీద నొక్కినట్టు ఒక చిన్న అంకె కనబడాలి. రెండూ లేకపోతే వదిలేయండి. వీలుంటే దుకాణంలోనే ఒక లెవెల్ ఆడి, ఆపి, మళ్లీ ఆన్ చేసి సేవ్ నిలిచిందో లేదో చూసుకోండి.

మొదటి ప్రాణం చూడటానికే

స్విచ్ వెర్షన్‌లో మొదట్లోనే క్యాజువల్, క్లాసిక్ అని రెండు పద్ధతులు అడుగుతుంది. క్లాసిక్‌లో టైమ్ నడుస్తుంటుంది, ఒక్క దెబ్బకు ప్రాణం పోతుంది. క్యాజువల్‌లో టైమ్ లేదు, దెబ్బ తగిలితే మారియో ఒక బుడగలో పడి మధ్యలోని గుర్తు దగ్గరికి వచ్చేస్తాడు. పెద్దవాళ్లు నామోషీ అనుకుని క్లాసిక్ నొక్కేస్తారు. వద్దు. మొదటి రెండు వరల్డ్‌లు క్యాజువల్‌లో ఆడండి. టైమ్ లేనప్పుడే కన్ను తెరను చదవడం నేర్చుకుంటుంది.

లెవెల్ తెరుచుకోగానే వేళ్లు బటన్ల మీద పెట్టకండి. తలుపు ఎక్కడుంది? తాళంచెవి ఎక్కడుంది? రంగు బటన్లు ఎన్ని, ఏ రంగువి? మూడు గిఫ్ట్ పెట్టెలు ఎక్కడెక్కడ? ఈ నాలుగూ చూసేదాకా కదలొద్దు. క్యారమ్స్‌లో రెడ్ కొట్టే ముందు ఫాలో ఎటుందో చూసుకుంటాం కదా, అలాగే. క్లాసిక్‌లోకి మారాక కూడా, కొత్త లెవెల్‌లో మొదటి ప్రాణాన్ని గది మొత్తం తిరిగి చూడటానికే ఖర్చు పెట్టండి. అది పోయినట్టు కాదు.

మొదటి వరల్డ్ మారియో టాయ్ కంపెనీ. దీంట్లో అంతా రంగు బటన్ల మీదే నడుస్తుంది. ఎర్ర బటన్ నొక్కితే ఎర్ర పలకలు, ఎర్ర నిచ్చెనలు గట్టిపడతాయి. మిగతా రంగులవి గీతలుగా మాత్రమే మిగిలిపోయి, మారియో వాటి లోంచి కిందికి జారిపోతాడు. అంటే ఒక దారి తెరిచిన ప్రతిసారీ ఇంకో దారి మూసేస్తున్నారన్నమాట. ఆట మొత్తం మీద నాకు ఎక్కువ ఇష్టమైన ఆలోచన ఇదే.

మా పిల్లకు ఇది ఎంతకీ ఎక్కకపోతే నోట్‌బుక్ వెనక పేజీలో నేనే ఒక గది గీశాను. మీరూ గీసుకోండి. కుడివైపు పైన తలుపు. దాని ముందు ఎర్ర పలక. ఆ పలకకు ఇవతల, కొద్దిగా ఎత్తులో ఒక మామూలు అరుగు. ఎడమవైపు పైన తాళంచెవి, దాని దగ్గరికి నీలం నిచ్చెన. నేల మీద రెండు బటన్లు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. మారియో నేల మీద ఉన్నాడు.

ఆమె ఏం చేసిందంటే, నీలం నొక్కి, నిచ్చెనెక్కి, తాళంచెవి తీసుకుని, కిందికి దిగి, ఎరుపు నొక్కింది. ఎర్ర పలక వచ్చింది. కానీ అరుగు మీదికి ఎక్కాలంటే వెనక్కి పల్టీ కొట్టి ఎగరాలి. తాళంచెవి నెత్తిన పెట్టుకున్నవాడు పల్టీ కొట్టలేడు. ఇరుక్కుంది.

“ఇప్పుడు తలుపు దగ్గర్నుంచి వెనక్కి చెప్పు బిడ్డా” అన్నాను. తలుపులోకి పోవాలంటే ఏం కావాలి? ఎర్ర పలక. ఎర్ర పలకకు? ఎర్ర బటన్. ఎర్ర బటన్ ఎక్కడ? నేల మీద. నేల మీదనుంచి అరుగుకు ఎలా? పల్టీ. పల్టీకి? చేతులు ఖాళీగా ఉండాలి. కాసేపు పెన్సిల్ కొరికింది. “అయితే తాళంచెవి ముందే అరుగు మీద ఉండాలె బాబాయ్!”

అంతే. ఎడమవైపు పైన తాళంచెవి తీసుకున్నాక కిందికి దిగకూడదు. అక్కడినుంచే అరుగు మీదికి విసిరేయాలి. ఖాళీ చేతులతో కిందికి దూకి, ఎరుపు నొక్కి, పల్టీ కొట్టి అరుగెక్కి, తాళంచెవి తీసుకుని నడిచి వెళ్లాలి. ఆటలోని లెవెళ్లు దీనికంటే పెద్దవే గానీ ఆలోచించే పద్ధతి మారదు. ఇరుక్కున్న ప్రతిచోటా తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

తాళంచెవిని వదిలిపెడితే

పైన చెప్పిన విసురుడులో ఒక మెలిక ఉంది. మారియో చేతిలోంచి వదిలిన తాళంచెవి ఎప్పటికీ అక్కడే ఉండదు. కాసేపటికి అంకెలు తగ్గడం మొదలై, సున్నా కాగానే మాయమై, మొదట ఉన్న చోటికి వెళ్లిపోతుంది. మా పిల్ల మొదటిసారి “తాళం పోయింది!” అని ఎంత గట్టిగా అరిచిందంటే పక్క సీట్లోని పెద్దాయన తన జేబు తడుముకున్నాడు. పోలేదు, దాని జాగకు అది పోయింది.

కాబట్టి విసిరే ముందు, ఖాళీ చేతులతో చేయాల్సిన పనిని ఒకసారి ఉత్తినే చేసి చూడండి. దూకడం, బటన్, పల్టీ, పైకి ఎక్కడం. ఎంతసేపు పడుతోందో వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు విసరండి. ఇంకోటి, తాళంచెవిని ముళ్ల మీదికో గోతిలోకో పడేస్తే కంగారు పడొద్దు. తిరిగి మొదటి చోటికే వస్తుంది. తప్పు విసిరామని లెవెల్ మొదటినుంచి ఆడక్కర్లేదు.

తలుపులోకి వెళ్లాక లెవెల్ సగమే అయినట్టు. రెండో సగంలో మినీ మారియో బొమ్మను చేరుకోవాలి. అక్కడ తాళంచెవి ఉండదు కనుక చేతులు ఖాళీ. కష్టమైన ఎగురుళ్లు చాలావరకు అక్కడే పెట్టారు.

నేర్చుకోవాల్సిన కదలికలు

మామూలు ఎగురుడు ఒక్కటే తెలిస్తే మూడో వరల్డ్ దాటరు. వెనక్కి పల్టీ ఇలా: ఒక వైపు పరుగెత్తుతూ హఠాత్తుగా ఎదుటి వైపు తిప్పి, తిప్పిన క్షణంలోనే ఎగరాలి. మామూలు ఎగురుడుకి అందని అరుగు దీంతో అందుతుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఆడేవాళ్లు ఎడమ బొటనవేలు ప్లస్ బటన్ మీదనుంచి ఎత్తకండి, మధ్యలో ఆన్చి అటునుంచి ఇటు దొర్లించండి. ఎత్తి పెడితే ఆ క్షణం తప్పిపోతుంది. ఆ ప్లస్ బటన్ కూడా ఈ డాంకీ కాంగ్ పుణ్యమే. 1982లో గేమ్ అండ్ వాచ్ అనే చిన్న చేతి మెషీన్ మీద ఈ ఆట తెచ్చినప్పుడు నింటెండో ఇంజినీర్ గున్‌పేయి యోకోయి చేసిన ఏర్పాటు అది. నిచ్చెనలు ఎక్కాలి, దిగాలి, అటూ ఇటూ నడవాలి. ఒక్క వేలితో అన్నీ కావాలి.

రెండోది చేతుల మీద నిలబడటం. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేనూ మొదట్లో పట్టించుకోలేదు. తలకిందులుగా నడుస్తున్నప్పుడు పైనుంచి పడే వస్తువులు మారియో అరికాళ్లకు తగిలి ఎగిరిపోతాయి. పీపాలు రాలే చోట దాక్కోవడానికి చోటు వెతక్కండి, చేతుల మీద నడిచి దాటేయండి. అదే భంగిమలోంచి వరసగా ఎగిరితే రెండోసారి ఇంకా ఎత్తుకు లేస్తాడు. తీగ కనబడితే పట్టుకుని గిరగిరా తిరిగి, జోరు అందుకున్నాక వదిలితే పైకి విసురుతుంది.

మరీ ఎత్తునుంచి పడితే మారియో బతకడు. అందుకే దూకే ముందు ఎంత లోతో చూసుకోండి. ముసుగు వేసుకున్న షై గై లాంటి శత్రువుల నెత్తి మీద నిలబడొచ్చు, ఎత్తి విసరొచ్చు. ముళ్ల మీదుగా దాటాల్సిన చోట వాళ్లే మీ బండి.

ఎర్ర, పసుపు, నీలం పెట్టెలు

వీటిని వదిలేసినా లెవెల్ పూర్తవుతుంది. పిల్లలు మొదటిసారి ఆడేటప్పుడు వదిలేయనివ్వండి. స్విచ్‌లో మూడూ తీసుకున్న లెవెల్‌కు నక్షత్రం వస్తుంది. ఆ నక్షత్రాలతోనే చివర్లో ఎక్స్‌పర్ట్ లెవెళ్లు తెరుచుకుంటాయి. ఒక వరల్డ్ పూర్తయ్యాక వెనక్కి వచ్చి ఏరుకోండి. అప్పటికి గది తెలిసినదై ఉంటుంది.

మినీలను నడిపించేటప్పుడు

ప్రతి వరల్డ్‌లో ఆరు లెవెళ్లు అయ్యాక, కాపాడిన ఆరు మినీలు మీ వెంట పడతాయి. వాటిని టీ, ఓ, వై అక్షరాల మీదుగా నడిపించి బొమ్మల పెట్టెలోకి చేర్చాలి. ఇక్కడ ఆట స్వభావమే మారిపోతుంది. మినీలు మీరున్న వైపు నడుస్తాయి, కానీ మీ అంత ఎత్తు ఎగరలేవు. ముళ్లు చూసుకోవు. బడి వదిలాక పిల్లల వరుసను రోడ్డు దాటించే ఆయమ్మలా ఆడాలి. ఒక మెట్టు ఎక్కండి, ఆగండి, అందరూ వచ్చారా చూడండి, తర్వాత ఇంకో మెట్టు. మీరు ప్రమాదం అవతల నిలబడితే అవి ప్రమాదంలోకే నడిచొస్తాయి. కాబట్టి మీరు నిలబడే చోటే వాటి దారి అని గుర్తుంచుకోండి.

తొందరపడి రెండు మినీలు పోగొట్టుకున్నా పెట్టె తెరుచుకుంటుందిలే అనుకోకండి. గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటలో తర్వాత వచ్చే డాంకీ కాంగ్ పోరులో, కాపాడిన మినీలు ఎన్నో మీరు తట్టుకోగల దెబ్బలు అన్ని. ఆ పోరులో పరుగు తగ్గించండి. వాడు మీ మీదికి పంపేవాటిలోనే తిరిగి వాడి మీదికి విసరగలిగినవి ఉంటాయి. ఒక విసురు పూర్తయ్యాక వాడు తీసుకునే చిన్న విరామం కనిపెట్టండి, ఆ లోపు మీ విసురు.

ఇద్దరు కలిసి ఆడితే

స్విచ్‌లో రెండో ఆటగాడు టోడ్. ఇద్దరుంటే గదిలో ఇంకో తాళంచెవి కూడా చేరుతుంది, అందుకని ఒకరు ఆడి ఇంకొకరు చూస్తూ ఉండే వీలు లేదు. పిల్లలతో ఆడుతుంటే ప్లాన్ వాళ్లను చెప్పనివ్వండి, రంగు బటన్ దగ్గర మీరు నిలబడండి. వాళ్లు “ఇప్పుడు ఎరుపు” అన్నప్పుడే నొక్కండి, తప్పని తెలిసినా సరే. మా పిల్ల చెప్పిన తప్పు ప్లాన్‌లన్నీ నేను అలాగే పాటించాను. నాలుగో వరల్డ్ నుంచి తప్పులు దానంతట అదే ముందే పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆట ముగిసి పేర్లు పడ్డాక ప్లస్ లెవెళ్లు తెరుచుకుంటాయి. వాటిలో తాళంచెవి మారియో చేతిలో ఉండదు, మినీ దగ్గర ఉంటుంది. దాన్ని తలుపు దాకా నడిపించాలి. అంతవరకు విడివిడిగా నేర్చుకున్న రెండు పనులూ ఒకటవుతాయి. ఇక్కడ క్లాసిక్‌కి మారండి, ఇప్పుడు చేయి సిద్ధంగా ఉంటుంది.

అది కూడా అయ్యాక, స్విచ్‌లో ఆర్కేడ్ ఆర్కైవ్స్ వరుసలో 1981 నాటి అసలు ఆట దొరుకుతుంది. దాన్ని ఒకసారి తెరిచి 100 మీటర్ల అంతస్తు దాకా వెళ్లండి. నాలుగు వరుసల్లో ఎనిమిది బోల్టులుంటాయి. మారియో వాటి మీదుగా నడిస్తే ఒక్కొక్కటీ ఊడిపోతుంది, అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని మారియో ఎగిరి దాటగలడు, తరుముకొచ్చే నిప్పు ముద్దలు దాటలేవు. ముందు ఏ బోల్టు ఊడదీస్తే ఏ నిప్పు ముద్ద ఏ పక్క బందీ అవుతుందో, ఎనిమిదో బోల్టు దగ్గరికి మీకు ఏ నిచ్చెన మిగలాలో, మొదటి అడుగు వేయకముందే కంటితో ఒకసారి లెక్క కట్టి చూడండి.